నదిలో విహారం, తీరంలో రాత్రి బస: తెలుసుకోవలసిన నియమాలు

బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు కావేరి దూరపు నది కాదు. శని, ఆదివారాలు కలిసివస్తే బంధుమిత్రులతో కలిసి శివనసముద్రానికో, ముత్తత్తికో, సంగమ, మేకెదాటులకో, సరిహద్దు దాటి హొగెనక్కల్‌కో వెళ్లడం పరిపాటి. యువకులు మరొక అడుగు ముందుకు వేసి, గుడారాలు కట్టుకొని రాత్రి అక్కడే గడపాలని కోరుకుంటున్నారు. కొందరు గాలి నింపే రబ్బరు పడవలను సొంతంగా కొనుక్కొని వెళుతున్నారు. తీరం వద్ద అటవీ సిబ్బందో పోలీసులో అడ్డగించినప్పుడు వినిపించే ప్రశ్న ఒక్కటే: “నది అందరిదీ కదా, దానికి అనుమతి ఏమిటి?”

ఈ ప్రశ్న న్యాయమైనదే. దీనికి సమాధానం తెలియజేసి, నదిపై పడవ ఎక్కేవారూ, తీరంలో రాత్రి బస చేసేవారూ పాటించవలసిన నియమాలను వాటి కారణాలతో సహా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. కారణం తెలియని నియమం అడ్డంకిగా తోస్తుంది. తెలిసిన తరువాత దానిని పాటించడానికి ఎవరూ వెనుకాడరు.

నది ఎవరిది?

మన దేశంలో నది ఏ వ్యక్తికీ సొంతం కాదు. కర్ణాటక భూ రెవెన్యూ చట్టం, 1964 ప్రకారం నదులు, వాగులు, వాటి గర్భాలు ప్రభుత్వానికి చెందినవి. అయితే ప్రభుత్వం వాటిని యజమాని వలె ఇష్టానుసారం వినియోగించుకొనడానికి వీలు లేదు. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు బియాస్ నదీ తీరంలోని ఒక విడిది గృహానికి సంబంధించిన వ్యాజ్యంలో ఈ విషయాన్ని స్పష్టం చేసింది. నదులు, అడవులు, సముద్రతీరం వంటివి ప్రజల ఉమ్మడి సంపద అనీ, ప్రభుత్వం వాటికి ధర్మకర్త మాత్రమేననీ ఆ తీర్పు సారాంశం.

ధర్మకర్తకు రెండు బాధ్యతలు ఉంటాయి. సంపదను అందరికీ అందుబాటులో ఉంచడం ఒకటి, అది చెడిపోకుండా కాపాడడం మరొకటి. కనుకనే నదిని చూడడానికి వెళ్లడం వేరు, దానిపై పడవ నడపడం వేరు, దాని తీరంలో రాత్రి ఉండిపోవడం వేరు. మొదటిదానికి సాధారణంగా ఆటంకం ఉండదు. మిగిలిన రెండింటికీ అనుమతి అవసరం.

అనుమతికి ప్రయోజనం రుసుము వసూలు చేయడం ఒక్కటే కాదు. మీరు ఎవరో, ఎందరో, ఏ చోట ఉన్నారో బాధ్యత గల ఒక అధికారికి తెలిసి ఉండడం దాని అసలు ప్రయోజనం. ఆపద వచ్చినప్పుడు వెతకడానికి ఎవరైనా బయలుదేరాలంటే, ముందుగా మీరు అక్కడ ఉన్నారన్న సంగతి తెలిసి ఉండాలి. ఈ వ్యాసంలోని నియమాలలో చాలావాటికి మూలం ఇదే.

పడవ ఎక్కే ముందు

యంత్రంతో నడిచే పడవలకు వర్తించే ప్రధాన చట్టం అంతర్దేశీయ నౌకల చట్టం, 2021. ఇది 1917 నాటి పాత చట్టం స్థానంలో వచ్చింది. దీని ప్రకారం ప్రతి యంత్ర పడవనూ రిజిస్టరు చేయించాలి. పడవ నీటిపై తిరగడానికి యోగ్యంగా ఉన్నదని తనిఖీ చేసి ఇచ్చిన సర్వే ధ్రువపత్రం ఉండాలి. సరంగుకు అర్హతపత్రం ఉండాలి. బీమా కూడా తప్పనిసరి. యంత్రం లేని పడవల నమోదుకు ఏర్పాటు చేయవలసిన బాధ్యతను ఈ చట్టం రాష్ట్ర ప్రభుత్వాలకు అప్పగించింది. ఆ పనిని స్థానిక సంస్థల ద్వారా జరిపించే వీలు కూడా కల్పించింది.

ఈ పత్రాలన్నింటినీ ప్రయాణికుడు పరిశీలించలేడు. అయితే మూడు విషయాలు ఎవరైనా గమనించవచ్చు. పడవపై రిజిస్ట్రేషను సంఖ్య రాసి ఉన్నదా? ఎందరిని ఎక్కించవచ్చో కనిపించేటట్లు రాసి ఉన్నదా? ఎక్కినవారందరికీ సరిపడా లైఫ్ జాకెట్లు ఉన్నాయా? వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ పడవ ఎక్కరాదు. చెల్లించిన సొమ్ము పోతుందని సంకోచించవలసిన పని లేదు.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉన్నది. 2017 నవంబరు 12వ తేదీ కార్తిక ఆదివారం. ఆ సాయంత్రం విజయవాడ సమీపంలోని పవిత్ర సంగమం వద్ద కృష్ణానదిలో పడవ బోల్తాపడి ఇరవై మందికి పైగా మరణించారు. వారిలో ఎక్కువమంది ఒంగోలు నుంచి విహారానికి వచ్చినవారు. వారు ఎక్కిన పడవకు పర్యాటక విహారం నడపడానికి అనుమతి లేదు. నదిలో దిగవలసిన చోటు కూడా అప్పటికి కనుచూపు మేరలోనే ఉన్నది.

రెండేళ్లకు, 2019 సెప్టెంబరు 15న, పాపికొండలు చూడడానికి బయలుదేరిన పెద్ద పడవ తూర్పు గోదావరి జిల్లా కచ్చులూరు వద్ద మునిగిపోయింది. ఆ సమయంలో గోదావరి వరదతో ప్రవహిస్తున్నది. పడవలోని 77 మందిలో 26 మంది మాత్రమే ప్రాణాలతో బయటపడ్డారు. వారిని కాపాడినవారు తమ చిన్న పడవలలో పరుగున వచ్చిన సమీప గ్రామస్థులు. లోతు, ప్రవాహ వేగం కారణంగా మునిగిన పడవను అక్టోబరు 22వ తేదీ వరకు పైకి తీయలేకపోయారు. తొలి రోజులలో పడవలో ఎందరు ఉన్నారన్న లెక్క కూడా పలుమార్లు మారింది. కుటుంబసభ్యులు ఒడ్డున ఎదురుచూస్తూ ఉండగా, వెతకవలసిన సంఖ్యే తేలకపోవడం ఎంత బాధాకరమో ఊహించుకోవచ్చు. తరువాతి సంవత్సరం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పడవల రాకపోకలను పర్యవేక్షించడానికి 9 కంట్రోల్ రూములను ఏర్పాటు చేసింది. ప్రయాణికుల జాబితా, నీటిమట్టం, పడవ యోగ్యత చూసిన తరువాతనే పడవ బయలుదేరాలన్నది వాటి ఉద్దేశం.

కనుక పడవ రేవు వద్ద పేరు, ఫోను సంఖ్య అడిగితే విసుగు చెందక సరైన వివరాలు ఇవ్వండి. పసిపిల్లలను కూడా లెక్కలో చేర్పించండి. “ఒడిలో కూర్చునే బిడ్డకు టికెట్టు ఎందుకు” అని ఊరుకోకండి. ఆ బిడ్డ పేరు జాబితాలో ఉండాలి, ఆ బిడ్డకు తగిన కొలత లైఫ్ జాకెట్ కూడా ఉండాలి.

లైఫ్ జాకెట్‌ను భుజాన వేసుకోవడం గానీ, కూర్చునే మెత్తగా వాడుకోవడం గానీ తగదు. పట్టీలన్నీ బిగించుకొని, భుజాల వద్ద పట్టుకొని పైకి లాగినప్పుడు గడ్డం దాటి జారిపోకుండా ఉన్నదో లేదో చూసుకోవాలి. ఒడ్డు చేరేవరకు విప్పరాదు. ఫొటో కోసం విప్పడం, ఉక్కగా ఉన్నదని విప్పడం సర్వసాధారణమైన పొరపాట్లు. ఫొటో తీసుకోవడానికి అందరూ ఒకే పక్కకు చేరడం కూడా ప్రమాదకరం. చిన్న పడవ ఒరగడానికి అంతమాత్రం చాలు.

నిర్ణయించిన సంఖ్యకు మించి, లేదా పాడైన పడవలో కిరాయికి జనాన్ని ఎక్కించడం భారతీయ న్యాయ సంహిత 284వ సెక్షను కింద నేరం. నిర్లక్ష్యంగా పడవ నడపడం 282వ సెక్షను కింద నేరం. రెండింటికీ ఆరు నెలల వరకు జైలుశిక్ష పడవచ్చు. “ఇంకొక ఇద్దరే కదా, సర్దుకోండి” అని పడవవాడు అన్నప్పుడు అతడు మిమ్మల్ని అడుగుతున్నది ఒక నేరంలో సర్దుకోమని.

పుట్టిలో ప్రయాణం

కృష్ణా, తుంగభద్రల తీరాల నుంచి వచ్చినవారికి పుట్టి కొత్త కాదు. వెదురు బద్దలతో అల్లి, అడుగున నీరు పట్టని పూత గానీ పట్టా గానీ వేసిన ఈ గుండ్రని పడవనే కన్నడంలో హరిగోలు, తెప్ప అనీ, తమిళంలో పరిసల్ అనీ అంటారు. సంగమ, హొగెనక్కల్, హంపీలలో విహారమంటే ప్రధానంగా పుట్టిలో తిరగడమే.

పుట్టికి అడుగు చదునుగా ఉంటుంది కనుక లోతు తక్కువైన రాతి నేల మీద కూడా తేలుతుంది. ప్రవాహం హెచ్చినప్పుడు మాత్రం దానిని అదుపులో ఉంచడం ఆరితేరిన వారికి కూడా కష్టం. అందుకే కావేరిలో నీటి ప్రవాహం పెరిగిన ప్రతిసారీ ధర్మపురి జిల్లా యంత్రాంగం హొగెనక్కల్ వద్ద పుట్టీలను, స్నానాలను నిలిపివేస్తుంది. తుంగభద్ర జలాశయం నుంచి నీరు వదిలినప్పుడు హంపీ వద్ద కూడా ఇదే జరుగుతుంది. దూరం నుంచి వచ్చామని బతిమాలడం, ఎక్కువ సొమ్ము ఇస్తామని అధికారిక రేవుకు దూరంగా ఉన్న మరొక చోట ఎక్కించుకొనమనడం తగదు. ఇద్దరు ప్రయాణికులు అలా అడిగితే తిరస్కరించగలిగిన పడవవాడు, పదిమంది అడిగితే కూలి కోసం ఒప్పుకోవచ్చు. ఆ ఒత్తిడి తేకుండా ఉండడం మన బాధ్యత.

సొంత కయాకు, రబ్బరు పడవ ఉన్నవారు మరొక విషయం గమనించాలి. పడవ మీదైనంత మాత్రాన నీటిపై దిగే హక్కు దానితో రాదు. అభయారణ్యం గుండా ప్రవహించే నదిలో అటవీశాఖ అనుమతి లేకుండా ఏ పడవనూ దింపరాదు. జలాశయాలలో నీటిపారుదల శాఖ అనుమతి కావాలి. ఇతర చోట్ల జిల్లా యంత్రాంగాన్ని, స్థానిక పంచాయతీని ముందుగా సంప్రదించాలి. వేగమైన ప్రవాహంలో చేసే రాఫ్టింగ్‌ను శిక్షణ పొందిన మార్గదర్శకుడు లేకుండా, హెల్మెట్ లేకుండా ఎన్నడూ ప్రయత్నించరాదు.

వాన లేకుండా వచ్చే వరద

మన ఊళ్లలో పెద్దలు నది ఉధృతిని మబ్బును బట్టి అంచనా వేసేవారు. ఆనకట్టలు వచ్చిన తరువాత ఆ లెక్క సరిపోదు. ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున కూడా ఎగువన గేట్లు తెరిస్తే నది నిమిషాలలో పెరుగుతుంది.

2014 జూన్ 8వ తేదీ సాయంత్రం హిమాచల్ ప్రదేశ్‌లోని మండీ జిల్లాలో, బియాస్ నది మధ్య రాళ్లపై నిలబడి ఫొటోలు తీసుకుంటున్న హైదరాబాదు ఇంజనీరింగు విద్యార్థులపైకి అకస్మాత్తుగా నీరు వచ్చిపడింది. ఎగువన ఉన్న లార్జీ జలవిద్యుత్ ఆనకట్ట నుంచి వదిలిన నీరు అది. 24 మంది విద్యార్థులు, వారి వెంట ఉన్న ఒక పర్యటన నిర్వాహకుడు కొట్టుకుపోయారు. వారు దిగినప్పుడు ఆ రాళ్ల చుట్టూ నీరు మోకాళ్ల లోతు కూడా లేదు. వర్షం కూడా లేదు.

కావేరిపై కృష్ణరాజసాగరం, దాని ఉపనదులపై కబిని, హేమావతి, హారంగి జలాశయాలు ఉన్నాయి. కృష్ణరాజసాగరం పూర్తి నీటిమట్టం 124.80 అడుగులు. జూలై, ఆగస్టు నెలలలో కొడగు, వయనాడు కొండలలో వానలు పడి ఈ జలాశయాలు నిండితే, వచ్చిన నీటిని వచ్చినట్లు వదలక తప్పదు. 2024 జూలై నెలాఖరులో కృష్ణరాజసాగరం నుంచి లక్ష క్యూసెక్కులకు మించి నీరు వదిలారు. క్యూసెక్కు అంటే సెకనుకు ఘనపు అడుగు, సుమారు 28 లీటర్లు. లక్ష క్యూసెక్కులంటే ప్రతి సెకనుకూ 28 లక్షల లీటర్లు. మేకెదాటు వంటి ఇరుకైన రాతి గండిలో ఆ నీరు ఎంత ఎత్తుకు, ఎంత వేగంగా లేస్తుందో ఊహించుకోండి.

వదిలిన నీరు దిగువకు చేరడానికి కొన్ని గంటలో, కొన్ని చోట్ల ఒక రోజో పడుతుంది. పగలు ఎగువన విడుదలైన నీరు మీరు గుడారంలో నిద్రించే వేళకు మీ చోటికి చేరవచ్చు. కొన్నిసార్లు అధికారులకు కూడా ముందుగా తెలియని ప్రమాదం రావచ్చు. 2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి తుంగభద్ర జలాశయం 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు, దిగువ జిల్లాలను రాత్రికి రాత్రి అప్రమత్తం చేయవలసి వచ్చింది.

ఇందువలన మూడు జాగ్రత్తలు అవసరం. బయలుదేరే ముందు రోజూ, ఆ రోజు ఉదయమూ జలాశయాల నీటి విడుదల వివరాలు వార్తలలో చూడాలి. నది మధ్యలోని రాళ్లపైకి, ఇసుక తిన్నెలపైకి వెళ్లరాదు. తిరిగి వచ్చే దారి మొదట మునిగేది అక్కడే. తీరంలో ఉన్నప్పుడు నీటి రంగు మారడం, ఆకులు, పుల్లలు, నురగ కొట్టుకురావడం, ప్రవాహపు శబ్దం హెచ్చడం, ఇంతకుముందు కనిపించిన రాయి మునగడం వంటి వాటిలో ఏ ఒక్కటి గమనించినా, సామాను కోసం చూసుకోకుండా పిల్లలతో ఎత్తైన చోటికి చేరాలి. సైరన్ వినిపిస్తే మరింత త్వరపడాలి.

రాత్రి బస ఎక్కడ చేయవచ్చు?

శివనసముద్రానికి దిగువన ముత్తత్తి, భీమేశ్వరి, గాలిబోరె, సంగమ, మేకెదాటుల మీదుగా కావేరి సాగే దారిలో అధిక భాగం కావేరి వన్యప్రాణి అభయారణ్యంలో ఉన్నది. 1987లో ఏర్పడిన ఈ అభయారణ్యం ఏనుగులకు, మొసళ్లకు, నీటికుక్కలకు, అంతరించిపోయే దశలో ఉన్న మూపురం మహశీర్ చేపకు నిలయం. నదికి ఆవలి వైపున తమిళనాడు కూడా కావేరి ఉత్తర, దక్షిణ అభయారణ్యాలను ప్రకటించింది.

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని 27వ సెక్షను ప్రకారం అనుమతిపత్రం లేనివారు అభయారణ్యంలో ప్రవేశించరాదు, అందులో ఉండరాదు. పర్యాటకం కోసం అనుమతి ఇచ్చే అధికారం 28వ సెక్షను కల్పిస్తున్నది. పగటివేళ సందర్శకులను అనుమతించే చోట్ల కూడా సాయంకాలం నిర్ణీత సమయానికి బయటకు రావలసి ఉంటుంది. రహదారి పక్కన, నది ఒడ్డున ఇష్టమైన చోట గుడారం కట్టడం నేరం. 2022లో చేసిన సవరణ తరువాత, ఈ చట్టం ఉల్లంఘనకు సాధారణంగా మూడేళ్ల వరకు జైలుశిక్ష గానీ, లక్ష రూపాయల వరకు జరిమానా గానీ, లేదా రెండూ గానీ విధించవచ్చు.

అయితే రాత్రి బసకు అవకాశమే లేదని దీని అర్థం కాదు. భీమేశ్వరి, గాలిబోరె వంటి చోట్ల కర్ణాటక ప్రభుత్వ సంస్థ అయిన జంగిల్ లాడ్జెస్ అండ్ రిసార్ట్స్ శిబిరాలు ఉన్నాయి. ముందుగా గదిని గానీ గుడారాన్ని గానీ కేటాయింపజేసుకొని, మార్గదర్శకుని వెంట అడవిని, నదిని చూడవచ్చు. ఒకప్పుడు ఇవి మహశీర్ చేపల వేటకు ప్రసిద్ధి పొందినవి. అభయారణ్యంలో చేపలు పట్టడం ఇప్పుడు నిషిద్ధం కనుక గాలం, వల వెంట తీసుకువెళ్లరాదు.

అభయారణ్యం వెలుపల ఉన్న తీరం రిజర్వు అడవి అయితే అటవీశాఖ అనుమతి, పోరంబోకు భూమి అయితే రెవెన్యూ అధికారుల అనుమతి, పట్టా భూమి అయితే రైతు అంగీకారం అవసరం. పొలం గట్టున గుడారం వేసుకుంటే ఎవరికీ నష్టం లేదని అనిపించవచ్చు. కాని ఆ గట్టు నుంచే ఏనుగులు నీటికి వస్తూ ఉంటే, ఆ విషయం ఆ రైతుకు తెలుస్తుంది, మీకు తెలియదు. అతని అనుమతి అడిగితే ఆ సంగతి చెప్పగలడు. అడగకపోతే చెప్పే అవకాశమే ఉండదు.

ప్రైవేటు శిబిరాలలో బస చేయదలచినవారు అది పర్యాటక శాఖ వద్ద గానీ, స్థానిక సంస్థ వద్ద గానీ నమోదైనదో కాదో తెలుసుకోవాలి. రాత్రి కాపలా ఎవరు ఉంటారు, నీరు పెరిగితే హెచ్చరిక ఎలా అందుతుంది, సమీప ఆసుపత్రి ఎంత దూరం అన్న మూడు ప్రశ్నలు సొమ్ము చెల్లించే ముందే వేయాలి. వీటికి తడుముకోకుండా సమాధానం చెప్పలేని నిర్వాహకుని వద్ద కుటుంబంతో బస చేయడం క్షేమం కాదు.

బసలో పాటించవలసినవి

గుడారం నీటి అంచున వేయరాదు. పాత వరద గుర్తును చూసి, దానికి పైన వేయాలి. పొదలకు, కొమ్మలకు చిక్కుకొన్న ఎండుగడ్డి, చెత్త ఎంత ఎత్తున ఉన్నదో అంతవరకు నది ఒకప్పుడు వచ్చినదని అర్థం. ఏనుగుల దారి, ఎండిన వాగు, గండి అడుగు బసకు పనికిరావు. తీరం నుంచి ఎత్తైన చోటికి పోయే దారిని పగటివేళలోనే చూసి, పిల్లలకు కూడా చూపించాలి.

వంట కోసం గానీ, చలి కాచుకొనడానికి గానీ నిర్వాహకులు కేటాయించిన చోట తప్ప మంట వేయరాదు. అభయారణ్యానికి హాని కలిగేటట్లు నిప్పు రాజేయడాన్ని, మండుతున్న నిప్పును వదలిపోవడాన్ని వన్యప్రాణి చట్టం 30వ సెక్షను నిషేధిస్తున్నది. 2018 మార్చి 11న తమిళనాడులోని కురంగణి కొండలలో కార్చిచ్చులో చిక్కుకొని ఇరవై మందికి పైగా పాదయాత్రికులు మరణించారు. వేసవిలో ఎండుగడ్డి ఎంత వేగంగా అంటుకుంటుందో అడవి అంచున పెరిగినవారికి తెలుసు, నగరంలో పెరిగిన మన పిల్లలకు తెలియదు. చెప్పవలసినది మనమే.

ఆహార పదార్థాలను గుడారంలో ఉంచి నిద్రించరాదు. చీకటి పడిన తరువాత నీళ్ల కోసం ఒంటరిగా నదికి పోరాదు. మొసళ్లు ఉన్న నదిలో అంచున కూర్చొని గిన్నెలు తోమడం, కాళ్లు చాపి కూర్చోవడం ప్రమాదకరం. మద్యం సేవించి నీటిలో దిగడం ఎన్నో కుటుంబాలకు దుఃఖం మిగిల్చింది. రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు ధ్వనివర్ధకాలు వాడరాదన్న 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు నదీతీరానికి కూడా వర్తిస్తాయి. మీ పాటల హోరులో ఎగువ నుంచి వచ్చే హెచ్చరిక మీకే వినిపించకపోవచ్చునన్నది కూడా గుర్తుంచుకోవాలి.

వదిలిన చెత్త ఎక్కడికి పోతుంది?

మేకెదాటు వద్ద నీటిలో వేసినది హొగెనక్కల్ చేరుతుంది. అక్కడి నుంచి తీసే కావేరి నీరే ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలకు తాగునీరు. ఆ జిల్లాలలోని భూగర్భజలాలలో ఫ్లోరైడు అధికం కావడంతో ఎందరో దంతాల, ఎముకల వ్యాధులతో బాధపడ్డారు. నది నీటిని అందించే పథకం 2013లో ఆరంభమైంది. హోసూరు పరిసరాలలో తరతరాలుగా ఉన్న తెలుగు కుటుంబాలు తాగేది ఆ నీటినే. బెంగళూరులోని మన బంధువుల ఇళ్లకు వచ్చే కావేరి నీటిని ఎగువన ఎవరైనా మలినం చేస్తే మనకు ఎంత కోపం వస్తుందో, వారికీ అంతే.

కనుక తెచ్చిన ప్రతి వస్తువునూ, దాని సంచితో, సీసాతో సహా తిరిగి తీసుకుపోవాలి. ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్ గ్లాసులు, పళ్లేలు, చెంచాలు 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషిద్ధం. నదిలో సబ్బుతో స్నానం, బట్టలు ఉతకడం, వాహనాలు కడగడం మానుకోవాలి. మలవిసర్జన శిబిరంలోని మరుగుదొడ్డిలోనే జరగాలి. పూజాద్రవ్యాలను ప్లాస్టిక్ సంచితో సహా నీటిలో విడిచే అలవాటును కూడా విడిచిపెట్టాలి.

ఫలకాలపై కనిపించే మాటలు

హెచ్చరిక ఫలకాలు సాధారణంగా స్థానిక భాషలో ఉంటాయి. లిపి చదవలేకపోయినా తోడున్నవారు చదివితే అర్థమయ్యేటట్లు కొన్ని మాటలు తెలుసుకొని ఉండడం మేలు.

కన్నడంలో “ఎచ్చరికె”, తమిళంలో “ఎచ్చరిక్కై” అంటే హెచ్చరిక. కన్నడ “అపాయ”, తమిళ “ఆబత్తు” అంటే ప్రమాదం. కన్నడ “సుళి”, తమిళ “సుళల్” అంటే సుడిగుండం. కన్నడ “ఆళ”, తమిళ “ఆళం” లోతు. “మొసళె”, “ముదలై” మొసలి. కన్నడంలో “ఈజబారదు” అంటే ఈదరాదు, “నీరిగె ఇళియబేడి” అంటే నీటిలో దిగవద్దు. తమిళంలో “కుళిక్క తడై” అంటే స్నానానికి నిషేధం, “పరిసల్ ఇయక్క తడై” అంటే పుట్టీలు నడపడానికి నిషేధం.

అన్నిటికంటే ముఖ్యమైన మాట మరొకటి. ఒడ్డున ఉన్నవారు కన్నడంలో “నీరు బిట్టిద్దారె” అని కేకవేస్తే, ఎగువన నీరు వదిలారని అర్థం. ఈ మాట చెవిన పడిన వెంటనే మాట్లాడకుండా పైకి నడవాలి. ముత్తత్తి వంటి చోట్ల పైకి ప్రశాంతంగా కనిపించే నీటి కింద సుడులు ఉంటాయి. స్థానికులు దిగని చోట మనం దిగరాదు. ఈత బాగా వచ్చునన్న ధీమా అక్కడ పనికిరాదు.

బయలుదేరే ముందు

ఇంట్లో ఉండిపోతున్న ఒకరికి మీరు వెళ్లే చోటు, వాహన సంఖ్య, తోడున్నవారి పేర్లు, తిరిగి వచ్చే సమయం రాసి ఇవ్వండి. నదీలోయలో చాలా చోట్ల ఫోను సంకేతం అందదు. చెప్పిన సమయానికి రెండు గంటలు దాటినా మీ నుంచి కబురు లేకపోతే 112కు ఫోను చేయమని వారితో చెప్పండి. పొడవైన గట్టి తాడు, టార్చిలైటు, ఈల, ప్రథమచికిత్స పెట్టె వెంట ఉంచుకోండి. ఎవరైనా మునుగుతుంటే ఈత రానివారు నీటిలో దూకరాదు. తాడు, కర్ర, ఖాళీ నీళ్ల డబ్బా వంటి తేలే వస్తువు అందించి, ఈల ఊది సహాయం కోరాలి. ఒకరిని కాపాడబోయి ముగ్గురు మునిగిన సంఘటనలు తరచుగా వింటున్నాము.

అనుమతిపత్రం, ప్రయాణికుల జాబితా, రేవు వద్ద సంతకం, శిబిరం పుస్తకంలో పేరు చూడడానికి చిన్న లాంఛనాలుగా తోస్తాయి. ఎగువన అర్ధరాత్రి గేట్లు తెరిచినప్పుడు, దిగువన ఏయే చోట్ల ఎవరిని నిద్రలేపాలో అటవీ సిబ్బందికి, పోలీసులకు తెలిసేది ఆ పుస్తకాల ద్వారానే. పేరు లేని గుడారం వద్దకు ఎవరూ రాలేరు. మీ పేరు, మీ పిల్లల పేర్లు ఆ పుస్తకంలో రాయించిన తరువాతనే నదిని చేరవలసినదిగా పౌరులకు విజ్ఞప్తి.